బుజ్జికి, పడవ గీకే ముందు

భీమిలి,
ఫిబ్రవరి 18

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది అక్కడ పాత పడవ కొన్నదట. అడుగున ఉన్న పెయింటంతా తనే గీకుతుందట. ఆ దేశంలో పనివాళ్లు దొరకరా? నువ్వయినా చెప్పు" అని ఒకటే గోల. చెబుతానులే అన్నాను. ఫోన్ పెట్టేశాక నువ్వు పంపిన ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చున్నాను. మీ అత్త వచ్చి లైట్ తీసేసేదాకా లేవలేదు.

తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్లాను. తాతయ్య నావ ఉండే చోటు నీకోసారి చూపించాను, గుర్తుందా? అక్కడే కాసేపు కూర్చున్నాను. ఆ నావకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. వేట నుంచి రాగానే పదిమంది పట్టి ఇసుక మీదికి లాగేసేవారు. రోజూ ఎండే పడవకు గుల్లలు పట్టవు, నాచు పట్టదు. అప్పుడప్పుడు చేప నూనె రాస్తే సరిపోయేది. బాటమ్ పెయింట్, అంటే గుల్లలు పట్టకుండా పడవ అడుగుకు వేసే రంగు, ఆ మాటతో తాతయ్యకు పనే పడలేదు. నేను ముప్పై అయిదేళ్లు ఎవరెవరి పడవలో గీకాను, రంగులేశాను, సొంతానికి ఒక తెప్ప కూడా కొనుక్కోలేదు. తాతయ్య తర్వాత మన ఇంట్లో పడవ ఉన్నది నీకే. ఆ సంగతి తలుచుకుంటే పొద్దుట్నుంచి ఛాతీ ఉప్పొంగుతోంది. భయమూ వేస్తోంది. ఆ భయం దేనికో చెబుదామనే రాస్తున్నాను, ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "సరే మావయ్యా, సరే" అనేస్తావు.

ముందు నీ పడవ సంగతి. 1984 నాటి కాటలినా 27 అన్నావు, ఫైబర్ తెరచాప పడవ. ఫోటోలో చుక్కాని పక్కన పెయింట్ రూపాయి బిళ్లంత పెచ్చులుగా లేచి ఉంది. పైన నీలం, దాని కింద ఎరుపు, ఇంకా కింద ఆకుపచ్చ. నలభై ఏళ్లలో ఎంతమంది చేతులు మారిందో, ఎవరికి నచ్చిన రంగు వాళ్లు పాతదాని మీదే వేసుకుంటూ పోయారు. పాత పూత గట్టిగా పట్టుకుని ఉంటే మొత్తం గీకొద్దు, పైపైన రుద్ది కొత్తది వేసుకో అని ఉండేవాణ్ణి. చాలామంది అనవసరంగా అంతా ఊడదీసి నడుములు పోగొట్టుకుంటారు. నీ పడవకు మాత్రం లోపలి పొరే పట్టు వదిలేసింది. ఇక దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా దాంతోపాటే ఊడిపోతుంది. నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనదే. మీ అమ్మకూ అదే చెప్పాను, నా మీద కోపంగా ఉంది.

రెండు వారాంతాల్లో అయిపోతుందని రాశావు. అవదు తల్లీ. ఐదారు పెట్టుకో. నీళ్లలోకి దించే తేదీ ఇప్పుడే యార్డ్ వాళ్లకు చెప్పేయకు. తేదీ మెడ మీద కూర్చుంటే మనిషి ఏం చేస్తాడో కింద చెబుతాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. పడవ పైకి రాగానే ప్రెషర్ వాష్ చేయించు. తడి ఆరకముందే గుల్లలు గీకేయాలి, ఎండితే రాయిలా బిగుసుకుంటాయి. నీటి గీత మీదుగా టేప్ వెయ్యి. లోతు చూపించే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మూసెయ్యి. లోహం తుప్పు పట్టకుండా బిగించే జింక్ దిమ్మలు విప్పి పక్కన పెట్టు.

స్టాండ్ల సంగతి నీకు తెలుసని తెలిసినా మళ్లీ చెబుతాను. మూడు టన్నుల పడవ బరువంతా కీల్ మీద, అంటే అడుగున కిందికి దిగే బరువైన రెక్క మీద ఉంటుంది, పక్కనున్న స్టాండ్లు ఒరిగిపోకుండా పట్టుకుంటాయి. ఎదురెదురు స్టాండ్లను కలుపుతూ గొలుసు ఉందో లేదో చూడు. లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టొద్దు. ప్యాడ్ కింద కాస్త పెయింట్ మిగిలిందని నువ్వుగానీ అల్లుడుగానీ స్టాండ్ వదులు చేయొద్దు. యార్డ్ వాళ్లను పిలిస్తే ఒక్కొక్కటీ జరిపి ఇస్తారు. ఇంకొకటి. దుమ్ము పోకుండా చుట్టూ పట్టా కడతారు కదా, ఆ తాడు పొరపాటున కూడా స్టాండ్‌కు కట్టకూడదు. గాలి వీచిందంటే పట్టా తెరచాపలా ఉబ్బుతుంది, స్టాండ్‌ను ఉన్నచోటు నుంచి లాగేస్తుంది. అడుగున పడుకుని పైకి చూస్తూ గీకేటప్పుడు నీ మీద ఏముందో మర్చిపోకు.

పనిముట్లు. నువ్వు లాగి గీకే స్క్రేపర్ తీసుకో, కార్బైడ్ బ్లేడ్‌ది. కొత్త బ్లేడ్ బిగించేముందు దాని రెండు మూలలూ డైమండ్ ఆకురాయితో గుండ్రంగా అరగదియ్యి. మూల పదునుగా ఉంటే చెయ్యి కాస్త పక్కకు ఒరగగానే పడవ ఒంటి మీద గీత పడిపోతుంది. రెండు చేతులతో పట్టుకుని, బ్లేడ్ మొత్తం ఆనేలా, పడవ పొడవునా నీ వైపుకు లాగు. బాగా పదునుంటే పెయింట్ చెక్కు తీసిన దోసకాయ తొక్కలా వస్తుంది. పొడి రాలడం మొదలైందంటే బ్లేడ్ అరిగినట్టే. అప్పుడు బలం పెట్టకు, బ్లేడ్ మార్చు. స్క్రేపర్‌తో పోని పలచటి పొరకు గుండ్రంగా తిరిగే ఆర్బిటల్ సాండర్, 80 నంబర్ కాగితం. ఆ సాండర్ దుమ్ము పీల్చే హెపా వాక్యూమ్‌కు తగిలించి ఉండాలి. అమెరికాలో చాలా యార్డులు అది లేకుండా ముట్టుకోనివ్వవని విన్నాను. మంచి పద్ధతి.

హీట్ గన్ వద్దు. వేడికి ఆ పెయింట్‌లోంచి వచ్చే పొగ మంచిది కాదు, ఫైబర్ పొరలూ దెబ్బతింటాయి. రసాయనం పూసి మెత్తబరిచే పద్ధతి మంచిదే, ఆలస్యమైనా దుమ్ము తక్కువ. ఫైబర్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొను. అల్లుడు గ్యారేజీలో ఎప్పటిదో పాత స్ట్రిప్పర్ డబ్బా ఉందంటే మిథిలీన్ క్లోరైడ్ ఉందేమో చూడండి. 2019లోనే మీ దేశంలో మామూలు జనానికి దాన్ని అమ్మకుండా ఆపేశారు, మూసి ఉన్న చోట పీల్చి మనుషులు చనిపోయారు కాబట్టి. అది ఫైబర్ మీది బయటి పొర జెల్‌కోట్‌ను కూడా మెత్తబరిచేస్తుంది.

గ్రైండర్ మాట ఎత్తొద్దు. ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకు పూర్తిగా తెలియదు.

నేను పని నేర్చుకున్నది విశాఖలో, ఇనుప ఓడల మీద. 1974లో చేరాను. చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్, గ్రైండర్, ఇవే మా చేతులు. ఇనుము ఓర్చుకుంటుంది. ఎంత గట్టిగా రుద్దితే అంత మెరుస్తుంది, మేస్త్రీ అంత మెచ్చుకుంటాడు. అదే చేత్తో 1983లో షార్జా వెళ్లి ఫైబర్ పడవల మీద పడ్డాను.

1986 జులై. ముప్పై ఆరు అడుగుల పడవ ఒకటి వచ్చింది. శుక్రవారానికల్లా నీళ్లలో ఉండాలన్నాడు యజమాని. మేము మొదలుపెట్టింది సోమవారం. నాతో మా వీధి కుర్రాడు ఒకడు ఉండేవాడు, పందొమ్మిదేళ్లు. నేనే వీసా చూసి తీసుకెళ్లాను. బయలుదేరిన రోజు రైల్వే స్టేషన్‌లో వాళ్లమ్మ అతని చెయ్యి నా చేతిలో పెట్టి "నీ తమ్ముడనుకో బాబూ" అంది.

సోమవారం స్క్రేపర్లతో చేశాం. సాయంత్రానికి పావు వంతు కూడా కాలేదు. మంగళవారం పొద్దున నేను గ్రైండర్ తీశాను, బాగా గరుకు డిస్క్ బిగించాను. ఇద్దరం చెరో వైపు. నీళ్లు చల్లలేదు, పొడిగానే రుద్దాం. ఎర్రటి దుమ్ము లేచింది. పడవ చుట్టూ కట్టిన గోనెపట్టాల లోపల ఎదుటి మనిషి కనపడలేదు. షార్జాలో ఆ నెలలో గాలి తడి గుడ్డలా ఉంటుంది. రబ్బరు మాస్క్ లోపల చెమట గడ్డం దగ్గర మడుగు కట్టేది, ఊపిరి తీసుకుంటే పెదాలకు తగిలేది. పది గంటలప్పుడు నేను మాస్క్ తీసేసి తువ్వాలు కట్టుకున్నాను. ఒక అరగంట తర్వాత మంచినీళ్లకని అటు వైపు వెళ్లాను. అతని మాస్క్ కర్రకున్న మేకుకు వేలాడుతోంది. అతనూ నాలాగే తువ్వాలు కట్టుకున్నాడు.

నేను చూశాను బుజ్జీ. చూసి ఏమీ అనలేదు. పని వేగంగా అవుతోంది కదా అనుకున్నాను. నీళ్లు తాగి నా వైపుకు వచ్చేశాను.

ఆ రాత్రి గదిలో అన్నం తింటూ "చారులో బెల్లం వేశావా అన్నా" అన్నాడు. వేయలేదు. నా నోరూ తియ్యగానే ఉంది, రాగి చెంబు నాకినట్టు. ఉమ్మితే ఎర్రగా వచ్చింది. తొమ్మిదింటికి ఇద్దరికీ చలి మొదలైంది. జులైలో, ఫ్యాన్ కట్టేసి, గదిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణికాం. నాకు మర్నాటికి తగ్గింది. అతనికి జ్వరం తగ్గింది, దగ్గు పట్టుకుంది. గురువారం మళ్లీ పనిలోకి రమ్మన్నది నేనే. వచ్చాడు, నేను రమ్మంటే రానని ఎప్పుడూ అనలేదు.

నవంబరు నాటికి నిచ్చెన ఎక్కలేకపోయాడు. ఇంటికి పంపించాం. ఒక డాక్టర్ దుమ్ము వల్ల అన్నాడు, ఇంకో డాక్టర్ చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉండి ఉంటుందన్నాడు. ఏది నిజమని నన్నడిగితే ఆ మేకుకు వేలాడిన మాస్కే నాకు కనపడుతుంది. ఇప్పుడు అతను అరవైకి దగ్గరపడ్డాడు. మన వెనక వీధిలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. నువ్వు చిన్నప్పుడు అక్కడే జీళ్లు కొనుక్కునేదానివి. నన్ను ఒక్క మాట అనలేదు ఇన్నేళ్లలో. కనపడితే నవ్వుతాడు, నవ్వు మధ్యలోనే దగ్గులోకి మారిపోతుంది. తల తిప్పుకుని దగ్గుతాడు, నేను చూడకూడదని.

ఆ పడవ సంగతీ చెప్పాలి. ఫైబర్ మీద బయటి పొర జెల్‌కోట్ అరమిల్లీమీటరు మందం ఉంటుందేమో, గోరంత. గ్రైండర్ అంచు తగిలినచోటల్లా నెలవంకల్లాంటి గాట్లు పడ్డాయి. కొన్నిచోట్ల గాజు పీచు బయటపడింది. పుట్టీ పెట్టి మూసి, పెయింట్ వేసి, శుక్రవారం దించేశాం. యజమాని సంతోషంగా బక్షీసు ఇచ్చాడు. మరుసటి ఏడాది అదే పడవ పైకి వచ్చింది. నా నెలవంకలు ఉన్నచోటల్లా బొబ్బలు. గాట్ల గుండా నీళ్లు లోపలికి ఇంకి, ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు రెసిన్‌తో కలిసి పులిసి, పొరను పైకి లేపేశాయి. ఒకటి సూదితో పొడిస్తే వెనిగర్ వాసన వచ్చింది.

ఆ తర్వాత షార్జాలో ఉన్నన్నాళ్లూ, 2009లో తిరిగి వచ్చేదాకా, నా కింద పనిచేసిన ప్రతి కుర్రాడి ముఖం సాయంత్రం చూసేవాణ్ణి. ముక్కు మీద, బుగ్గల మీద మాస్క్ ఒత్తుకున్న గీత ఉందా లేదా అని. గీత లేకపోతే మర్నాడు పని లేదు. వాళ్లు నన్ను చాదస్తం మనిషి అనుకునేవారు.

కాబట్టి ఇప్పుడు నీకు చెబుతున్నాను. బట్ట మాస్కులు, కోవిడ్ మాస్కులు పనికిరావు. ముక్కూ నోరూ మూసే రబ్బరు మాస్క్, దానికి సన్నటి దుమ్మును ఆపే పి100 ఫిల్టర్లు. స్ట్రిప్పర్ వాడే రోజు ఆవిరిని పట్టే క్యాట్రిడ్జ్ వేరే పెట్టాలి, దుమ్ము ఫిల్టర్ ఆవిరిని ఆపదు. పెట్టుకున్నాక ఫిల్టర్లను అరచేతులతో మూసి ఊపిరి లోపలికి పీల్చు. మాస్క్ ముఖానికి అతుక్కుపోవాలి. గాలి ఎక్కడి నుంచైనా వస్తే సరిచెయ్యి. అల్లుడికి గడ్డం ఉంది. అందంగానే ఉంది, కాదనను. కానీ గడ్డం మీద ఏ మాస్కూ అతకదు. తీసేయమను, పడవ దిగాక మళ్లీ పెంచుకోవచ్చు. తీయనంటే అతనికి దుమ్ము పని ఇవ్వకు, అన్నం తెచ్చే పని ఇవ్వు. కళ్లకు మూసి ఉండే అద్దాలు, ఒంటికి పారేసే సూట్, చేతులకు గ్లవ్స్. సూట్ తీసే ముందు మాస్క్ తీయకు. ఒళ్లు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా ముట్టుకోకు. చెమట పట్టి ఊపిరాడక మాస్క్ తీసేయాలనిపిస్తే, తీసెయ్, కానీ పడవ నుంచి దూరంగా వచ్చి తీసి, నీడలో కూర్చో. అలా కూర్చోవడానికే ఐదారు వారాంతాలు పెట్టుకోమన్నాను.

పాపను తీసుకెళతానన్నావట, "అమ్మ పడవ చూస్తుంది" అని. వద్దు. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలుతున్నాను. నాలుగేళ్ల పిల్ల కింద కూర్చుని పెచ్చులు ఏరుకుంటుంది, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, చూడ్డానికి ఎంత బాగుంటాయో. రంగు వేసే రోజు కూడా కాదు, దించే రోజు తీసుకెళ్లు. పని బట్టలతో కారు ఎక్కకు. ఆ బట్టలు విడిగా ఉతుకు. ఇంటికి రాగానే పాపను ఎత్తుకోవడానికి ముందు స్నానం చెయ్యి. ఏడ్చినా సరే.

నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే నీ పడవ పుట్టిన ఏడాది వల్ల కూడా. బాటమ్ పెయింట్‌లో మామూలుగా ఉండేది రాగి. గుల్లల పిల్లలు అతుక్కోకుండా నెమ్మదిగా నీళ్లలోకి వదులుతుంది. అప్పట్లో దానికి టిన్‌తో చేసిన విషం కూడా కలిపేవారు, టీబీటీ అంటారు. అబ్బో, దాని దెబ్బకు గుల్లలు దగ్గరికే రావు అనేవాళ్లం. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అనే చోట ఆయిస్టర్లు, అంటే తినే చిప్పలు, పెంచుతారు. అక్కడ చిప్పలు వంకర తిరిగిపోయి పంట దెబ్బతింటే, 1982లో చిన్న పడవలకు ఆ పెయింట్ వాడొద్దన్నారు. మీ అమెరికాలో చట్టం వచ్చింది 1988లో. ప్రపంచమంతా ఓడలకు కూడా నిషేధం అమల్లోకి వచ్చేసరికి 2008. నీ పడవ 1984ది. అంటే అన్నిటికంటే అడుగున ఉన్న ఆ ఆకుపచ్చ పొరలో టిన్ ఉండవచ్చు. ఉందనే అనుకుని పనిచెయ్యి.

అందుకే నేల మీద రాలిన ప్రతి పెచ్చూ నీదే. కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరువు, అంచులు పైకి మడువు. గాలి రోజు పని ఆపెయ్. సాయంత్రం అంతా ఊడ్చి, వాక్యూమ్ చేసి, సంచిలో కట్టి, యార్డ్ వాళ్లు ఎక్కడ వేయమంటే అక్కడ వెయ్యి. మామూలు చెత్తలో వేయొచ్చో లేదో వాళ్లనే అడుగు. నువ్వుండే అన్నాపోలిస్ పక్కనే చెసపీక్ బే, ఆయిస్టర్లకు పేరు పడిన నీళ్లు. మేము ఆ రోజుల్లో పైపు పెట్టి కడిగేసేవాళ్లం. ఎర్రటి నీళ్లు క్రీక్‌లోకి పోతుంటే చూస్తూ టీ తాగేవాళ్లం. తాతయ్య చేపల మీద బతికిన మనిషి. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

గీకుతూ పోతుంటే పొరలు అట్లాస్‌లో కొండల గీతల్లా కనపడతాయి. నీలం మధ్యలో ఎరుపు ద్వీపం, ఎరుపు మధ్యలో ఆకుపచ్చ. దాని తర్వాత తెలుపు వస్తే జెల్‌కోట్, చెయ్యి ఆపు. బూడిద రంగు గట్టి పొర వస్తే ఇంకా త్వరగా ఆపు. ఎవరో పుణ్యాత్ముడు డబ్బు పెట్టి ఎపాక్సీ బ్యారియర్ కోట్ వేయించి ఉంటాడు, నీళ్లు ఇంకకుండా. దాన్ని రుద్దేస్తే మళ్లీ వెయ్యి డాలర్ల పైమాటే. అక్కడక్కడ పాత రంగు మచ్చలు మిగిలినా ఏం కాదు. అద్దంలా రావాలని చూడకు. కీల్ దగ్గర మరీ జాగ్రత్త, అది సీసం. మెరిసే లోహం కనపడితే పొడిగా రుద్దొద్దు.

బొబ్బలు కనపడితే కంగారుపడకు. చిన్న బొబ్బలతో ఏ పడవా మునగదు. అద్దాలు పెట్టుకుని పొడువు, లోపలి నీళ్లు చిమ్ముతాయి. మంచినీళ్లతో కడిగి, ఎన్ని వారాలు పట్టినా ఆరనివ్వు, ఆ తర్వాతే ఎపాక్సీ. తడి ఉండగా మూస్తే నేను చేసిన పనే నువ్వూ చేసినట్టు. ఆ తర్వాత బ్యారియర్ కోట్, దాని మీద కొత్త పెయింట్, డబ్బా మీద రాసిన గంటల ప్రకారం. ట్రాన్స్‌డ్యూసర్‌కూ జింక్ దిమ్మలకూ మాత్రం ఆ రంగు పూయకు. పెయింట్ వేసే భాగం నీకు నేను నేర్పక్కర్లేదు, చిన్నప్పుడు మన గుమ్మాలకు నాతోపాటు వేశావు, బ్రష్ చారలు లేకుండా.

మీ అత్త మాగాయ సీసా కట్టింది, వచ్చే నెల ఎవరో వస్తున్నారంటే వాళ్లతో పంపుతాం. మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాను, నువ్వు దానికి టెన్షన్ పడకు.

మొదటి రోజు పని అయ్యాక, ముఖం కడుక్కోక ముందు, ఒక ఫోటో తీసి పంపు. పడవది తర్వాత పంపుదువుగానీ. నీ ముఖం, అల్లుడి ముఖం. ముక్కు మీద గీత కనపడేలా, వెలుతురులో నిలబడి తీసుకోండి. ఇక్కడ ఎంత రాత్రి అయినా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య